కొన్నాళ్ళు లోపల కూర్చో

పిల్లల నిఘంటువుకి పాత వెన్ను ఊడబీకుతోంది బైండరమ్మ. గట్టిపడిపోయిన జిగురు పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. చాకు మొనతో గీకాలి, తడిగుడ్డ వేసి నానబెట్టాలి, మళ్ళీ గీకాలి. తొందరపడితే కాగితం చిరుగుతుంది. ఇరవయ్యారేళ్ళుగా చేస్తున్న పనే అయినా ఈరోజు పదిన్నర లోపలే రెండుసార్లు తొందరపడింది, రెండుసార్లూ చిరిగింది.

ఆమె గది నగర గ్రంథాలయం వెనకవైపు ఉంది. ఒక బల్ల, పుస్తకాలు బిగించే ఇనప ప్రెస్సు, జిగురు డబ్బా, అట్టముక్కలు, చేతికందని ఎత్తులో ఓ కిటికీ. తలుపు ఎప్పుడూ జానెడు తెరిచి ఉంచుతుంది. ఆ సందులోంచి ముందు హాల్లో కౌంటరు కొంచెం కనిపిస్తుంది. పుస్తకం అందుకునే చేతులు, కౌంటరు పిల్ల మోచెయ్యి, తేదీ ముద్ర లేవడం, టక్కున దిగడం. ముఖాలు మాత్రం కనిపించవు.

నిజానికి ఆమె పరీక్ష రాసింది కౌంటరు ఉద్యోగానికే. మొదటి పదిమందిలో ప్యాసైంది కూడా. చేరిన రోజున అప్పటి అధికారి ఆమె పెదవి చివర, కనురెప్పల మీద, వేళ్ళ మీద ఉన్న తెల్లమచ్చలు చూసి, ఎంతో మర్యాదగా, "కొన్నాళ్ళు లోపల కూర్చో అమ్మా, జనం సంగతి తెలుసుగా," అన్నాడు. ఇవి అంటుకునేవి కావని డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించింది. ఆయన శ్రద్ధగా చదివి తిరిగిచ్చేశాడు. ఆ కొన్నాళ్ళకి ఇరవయ్యారేళ్ళు నిండాయి. అధికారులు ఐదుగురు మారారు గానీ ఆ మర్యాద మాత్రం మారలేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, నాలుగుసార్లు కాగితం రాసి అడిగింది. నాలుగుసార్లూ "చూద్దాం" అన్నారు. నిరుడు సరిగ్గా ఇదే తేదీన కౌంటరు ఖాళీ అయితే, నిన్నగాక మొన్న వచ్చిన పిల్లని కూర్చోబెట్టారు. అన్యాయం జరిగిన ఏడాదిలోగా నగరపాలక కార్యాలయంలో వివక్ష ఫిర్యాదు ఇస్తేనే తీసుకుంటారు. ఆ గడువు ఈరోజు ఒంటిగంటకి ముగుస్తుంది. ఆమె ఉద్యోగానికేమో ఇంకా ఐదు నెలలే మిగిలింది. ఆ ఐదు నెలలైనా, పోనీ ఒక్క నెలైనా, ఆ కుర్చీలో కూర్చోవాలి. ఆమెకి ఈ లోకంలో మిగిలిన కోరిక అదొక్కటే.

"నీళ్ళలో ఉండి మొసలితో పగెందుకే? ఆ ఐదు నెలలూ కళ్ళు మూసుకోరాదూ!" అంది పొద్దున అక్క. బావ పోయినప్పట్నుంచి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు.

"ఇరవయ్యారేళ్ళు మూసుకున్నానక్కా. ఓసారి తెరిచి చూస్తాను."

పదకొండింటికి సెలవు చీటీ పెట్టి బయల్దేరింది. బస్సు, మూడంతస్తుల మెట్లు, వరస. ఫిర్యాదుల గుమాస్తా ముందుకి వచ్చేసరికి పన్నెండున్నర. ఆయనకి పాపం జలుబు. ముక్కు తుడుచుకుంటూ కిటికీ కిందనుంచి చెయ్యి చాపి, అందుకున్నది ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఇదేంటమ్మా! ఫిర్యాదు తెమ్మంటే పుస్తకం తెచ్చారు?"

నిజంగానే పుస్తకం. పదకొండు ఆదివారాలు కూర్చుని రాసింది. పెద్ద కాగితాలు మధ్యకి మడిచి, ఒకదాన్లో ఒకటి దోపి, మైనం పట్టించిన దారంతో కుట్టి, నీలం గుడ్డ అట్ట వేసింది. విడిగా ఇస్తే ఆఫీసుల్లో ఒకటో రెండో కాగితాలు జారిపోతాయని ఆమె భయం. చేతికొచ్చిన విద్య అదే మరి.

"స్కానర్లో ఒక్కో కాగితమే పెట్టాలి. కుట్టినవి పనికిరావు," అంటూ ఆయన కత్తెర తీశాడు.

"ఆగండి బాబూ, అలా కోయకండి. నేనే విప్పుతాను."

తన కుట్టు తనే విప్పింది. ఇరవయ్యారేళ్ళలో కొత్త కుట్టు విప్పడం అదే మొదటిసారి, ఆమె ప్రాణం చివుక్కుమంది. తీరా విప్పాక ఇంకో చిక్కు. కుట్టినప్పుడు వరసగా ఉన్న పేజీలు, విప్పితే మొదటిదీ చివరిదీ ఒకే కాగితం మీద పక్కపక్కన తేలాయి.

గుమాస్తా పైకాగితం చూసి బుర్ర గోక్కున్నాడు. "ఇక్కడ మీరు ఉద్యోగంలో చేరారు. పక్కనే 'ఇట్లు' అని సంతకం పెట్టేశారు. మధ్యలో కథంతా ఏదమ్మా?"

"మడతలో ఉందండీ," అంది సిగ్గుపడుతూ.

గడియారంలో పన్నెండూ నలభై. ఆమె ఆయన దగ్గర స్కేలు అడిగి తీసుకుని, ఒక్కో కాగితాన్నీ మడత మీద గోటితో గట్టిగా రుద్ది, నిలువునా చీల్చడం మొదలుపెట్టింది. అంచు ఎక్కడా వంకర పోలేదు. గుమాస్తా ముక్కు సంగతి మర్చిపోయి చూస్తూ, ఈలోగా ఫారం నింపసాగాడు.

"వివక్షకి కారణం? మతం, ఆడ మగ, వయసు, వైకల్యం... ఏది?"

"ఒంటి మీద మచ్చలు బాబూ."

"అది ఇందులో లేదు. 'ఇతరములు' అని రాస్తాను."

"ఇక్కడా ఇతరములేనా," అని నవ్వింది.

"సాక్ష్యం ఏమైనా ఉందా?"

"ముంజేతి కంకణానికి అద్దమెందుకు?" అని రెండు చేతులూ కిటికీ లోపలికి చాపింది. ఆయన ఆ చేతుల్ని కాసేపు చూశాడు. కాగితాలు అందుకునేటప్పుడు ఆమె వేళ్ళు తగిలినా వెనక్కి లాక్కోలేదు. అలా లాక్కోనివాళ్ళని ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టగలదు.

కాగితాలు వరసలో పెడుతూ ఆయన ఒకచోట ఆగాడు. 'నేను బాగుచేసిన పుస్తకాలు రోజూ ఎవరో ఇంటికి తీసుకెళ్తారు. తీసుకెళ్ళేటప్పుడు వాళ్ళ ముఖం ఎలా ఉంటుందో చూడాలని ఉంది' అని ఉంది అక్కడ.

"ఇది ఫిర్యాదుకి అవసరం లేదమ్మా," అన్నాడు మెల్లిగా.

"తీసెయ్యమంటారా?"

"వద్దు. ఉండనివ్వండి."

ఒంటిగంటకి నాలుగు నిమిషాలుంది. రసీదు రాసి ఆయన తేదీ ముద్ర ఎత్తాడు. ఆమె, "బాబూ, అది నేను వెయ్యొచ్చా?" అని అడిగింది. గుమాస్తా అటూ ఇటూ చూసి, పిడి ఆమె వైపు తిప్పి ఇచ్చాడు. సిరాలో అద్ది రసీదు మీద గట్టిగా వేసింది. టక్కుమంది. ముద్ర కాస్త వంకరగా పడింది.

"కొత్త కదా," అన్నాడాయన.

"కొత్తే," అంది. మూడంతస్తులూ దిగేదాకా ఆమెకి కాళ్ళు నేల మీద ఆనలేదు.

రెండింటికల్లా తిరిగొచ్చి నిఘంటువు పని అందుకుంది. సంగతి అప్పటికే ఫోనులో చేరింది. ఎన్నడూ లేనిది ఇప్పటి అధికారి, పెద్దసారు, గుమ్మం దాకా వచ్చాడు.

"నాతో ఒక్క మాట అంటే సరిపోయేది కదా బైండరమ్మా?"

"నాలుగు మాటలు మీ బీరువాలోనే ఉన్నాయి సార్," అని ఆమె సూదిలో దారం ఎక్కించుకుంది.

జవాబు మూడు వారాల్లో వస్తుందన్నారు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. టపా వచ్చే వేళకి సూది ఆపి, తలుపు సందులోంచి చూసేది. ఇంట్లో మాత్రం సీసా మూత పట్టుకుని పాత పేపరు మీద టక్ టక్ మని సాధన చేసేది. "ఆ బల్ల మీద వెయ్యకే తల్లీ, గుంటలు పడతాయి," అని కసిరి, అక్క అటు తిరిగి నవ్వుకునేది.

పదిహేడో రోజు, బుధవారం మధ్యాహ్నం, ఆమె పని బల్ల మీద తల వాల్చింది. అటుగా వెళ్ళినవాళ్ళు కునుకు తీస్తోందనుకున్నారు. సాయంత్రం తాళాలు వేసే మనిషి వచ్చి పిలిచేదాకా ఆ గదిలోకి ఎవరూ వెళ్ళలేదు. గుండె ఆగిందని, ఆగి మూడు గంటలైందని డాక్టరు చెప్పాడు.

"ముందు కూర్చుని ఉంటే ఎవరో ఒకరు చూసేవాళ్ళు కదండీ," అంది అక్క పెద్దసారుతో.

ఇరవయ్యో రోజున నగరపాలక కార్యాలయం నుంచి పొడుగాటి కవరు వచ్చింది. కౌంటరు పిల్ల దాని మీది పేరు రెండుసార్లు చదువుకుంది. అలాంటి పేరు ఆ భవనంలో ఎప్పుడూ వినలేదు. 'ఈ పేరుగలవారు ఇక్కడ ఎవరూ లేరు' అని పెన్సిలుతో రాసి, తిప్పి పంపేవాటిలో పెట్టబోయింది. పెద్దసారు అది చూసి అందుకున్నాడు.

"మన బైండరమ్మకమ్మా," అన్నాడు.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. రబ్బరు తీసుకుని రుద్దింది. ఇంకా రుద్దింది. అంతలో పుస్తకాలు పట్టుకుని జనం వచ్చారు. కవరు కౌంటరు మీదే ఉండిపోయింది. రుద్దినచోట కాగితం నూగు లేచింది. పెన్సిలు గీతలు ఇంకా పూర్తిగా పోలేదు. వాటి కింద, ఇంటిపేరుతో సహా, ఆమె పేరు.