ఆముదం పోసిన బెల్టు

అనకాపల్లి మార్కెట్లో బెల్లం లారీ స్టార్టు చేస్తే ఇంజను కీచుమంటోంది. ఆకాశం మబ్బు పట్టింది. వాన రాకముందే రైల్వే స్టేషనుకి చేరకపోతే బెల్లమంతా కరిగిపోతుంది. మొన్నటిదాకా ఎడ్లబండి తోలిన డ్రైవరు సన్యాసయ్య, బండి ఇరుసుకి పోసినట్టే ఇంజను బెల్టుకి ఆముదం పోశాడు. కీచు ఇంకా పెరిగింది.

"ఇంజను పోనాదేటి, ఆదం బావా?"

మెకానిక్ ఆదం ఇంజను ఆపించి, బెల్టును బొటనవేలితో నొక్కాడు. అది ఉయ్యాల తాడులా వంగింది.

"ఇంజనుకేటీ అవనేదు. బెల్టు వదులై జారతంది. పైగా నువ్వు దానికి తలంటీసేవు, బావా."

సబ్బునీళ్లతో ఆముదం కడిగి, తుడిచి, బెల్టు బిగిసేలా డైనమోను కాస్త వెనక్కి లాగి బోల్టు బిగించాడు.

మళ్లీ స్టార్టు చేస్తే కీచు లేదు. సన్యాసయ్య చెవి ఒగ్గి విన్నాడు. అంత పెద్ద ఇంజను ఒక్క బొటనవేలికి తన గుట్టంతా చెప్పేసింది.

తొలి చినుకు పడేసరికి బెల్లం స్టేషను షెడ్డులో ఉంది.