రెండు గుంటల్లో ముదురు పసుపు

ప్లేటులో తొంభై ఆరు చిన్న గుంటలుంటాయి. ఒక్కొక్క గుంటలో రెండు మూడు చుక్కల ద్రవం. రంగు మందు పడగానే నీలంగా మారి, దానిమీద ఆమ్లం పడ్డాక పసుపవుతుంది. పసుపు ఎంత ముదిరితే ఆ మనిషి రక్తంలో సిస్టాటిన్ సి అనే ప్రోటీను అంత ఎక్కువన్నమాట. దాన్ని కిడ్నీలు ఎప్పటికప్పుడు వడగట్టెయ్యాలి. రక్తంలో పోగుపడిందంటే వడపోత మందగించిందేమోనని అనుమానం.

ఆ పరీక్ష చేస్తున్న ఆమెకు ల్యాబులో పదకొండేళ్ల అనుభవం. ఆ రోజు మాత్రం చుక్కలు కొలిచి వేసే పిపెట్‌ను ఒక గుంట దగ్గర ఆపి, నంబరు మళ్లీ చదివింది. ఇరవై మూడో నంబరు రక్తం ఆమె అక్కది.

బావకు రెండు కిడ్నీలూ పోయి రెండేళ్లయింది. వారానికి మూడుసార్లు డయాలిసిస్. అక్క తన కిడ్నీ ఇస్తానంది. మిగతా పరీక్షలన్నీ గట్టెక్కాయి. అక్క మరీ సన్నటి మనిషి, ఒంట్లో కండ లేదు కాబట్టి, కండలనుంచి రక్తంలోకి చేరే క్రియాటినిన్ ఒక్కటే చూసి నమ్మలేమని డాక్టరమ్మ ఇది కూడా రాసింది.

సొంతవాళ్ల రక్తమైతే ఇంకొకరికి అప్పగించాలని ల్యాబులో నియమం. చెబితే ల్యాబు పెద్దాయన రేపటికి వాయిదా వేస్తాడు. నిమిషం అటూ ఇటూ అయితే ఒప్పుకోడని ఆయన్ని వెనకాల అందరూ 'గడియారం' అంటారు. రేపటిదాకా ఆగే ఓపిక ఆమెకు లేదు.

ఆమ్లం వేసింది. ఇరవై మూడుకి కేటాయించిన రెండు గుంటలూ పక్కవాటికన్నా ముదురుగా తేలాయి. మెషీన్ 1.42 అని చూపించింది. ఒకటి దాటకూడదు.

అక్క కిడ్నీలకూ జబ్బేనా అనుకుంది. ఆ వెంటనే, తను రమ్మనకుండానే, ఊపిరి తేలిగ్గా వచ్చింది. ఇంక అక్కను కొయ్యరు. ఆ తేలికదనం చూసి ఆమెకు తనమీద తనకే భయం వేసింది. ఇలా రావాలని కోరుకుని పరీక్షలో తప్పు చేశానా?

వెళ్లి గడియారంతో ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఇన్నేళ్ల సర్వీసులో చెయ్యాల్సిన పనేనా ఇది?" అని ఆయన చివాట్లు పెట్టి, కొత్త ప్లేటు తీసి తనే మొదటినుంచీ చేశాడు. ఆ మూడు గంటలూ ఆమె గోడకానుకుని నిలబడింది. 1.40 వచ్చింది.

"నీ చేతిలో తప్పేం లేదు. ఆవిడ మందులేమైనా వాడుతోందా? స్టెరాయిడ్లు వాడినా ఇది పెరుగుతుంది కదా."

"తెలీదు సార్," అంది.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్లింది. అక్క కుట్టుమిషన్ మీద వంగి ఉంది.

"అక్కా, నీ వేళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి?"

"అసలు లేవే! మందుల షాపతను మంచి మాత్రలిచ్చాడు. ఆరు నెలలనుంచీ వేసుకుంటున్నా. ఇంకో నాలుగు జాకెట్లు కుట్టమన్నా కుడతా," అంటూ మిషన్ సొరుగులోంచి స్ట్రిప్పు తీసి చూపించింది. స్టెరాయిడే.

"ఇది డాక్టరమ్మకి చెప్పావా?"

"నొప్పి మాత్రల గురించి కూడా చెప్తారా ఎవరైనా? నీదంతా చాదస్తం."

చెల్లెలు స్ట్రిప్పును సంచిలో వేసుకుని ఇంటికొచ్చేసింది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే అక్క నిండుగా మిగులుతుంది. బావ ఇంకో దాతకోసం ఎదురుచూస్తాడు. రెండు రోజులూ సంచిలో ఆ స్ట్రిప్పును తడిమి చూసుకుంటూనే ఉంది.

మూడో రోజు డాక్టరమ్మ ముగ్గురినీ కూర్చోబెట్టి, ఈ అంకెతో ఆపరేషన్ కుదరదంది.

బావ నవ్వబోయాడు. "పోన్లెండి. ఈవిడ కిడ్నీ పెడితే నేనూ రోజంతా వాగుతానేమోనని దడగా ఉండేది." నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆయన తన వాచిన పాదాల వంక చూసుకున్నాడు.

అక్క డాక్టరమ్మ వైపు తిరిగింది. "నా ఒళ్లే నాకు అడ్డం పడిందా?" అంది.

చెల్లెలు సంచిలోంచి స్ట్రిప్పు తీసి బల్లమీద పెట్టింది. "డాక్టరుగారూ, అక్క ఇవి వేసుకుంటోంది. నాకు ముందే తెలుసు."

డాక్టరమ్మ స్ట్రిప్పు తిప్పి చూసి అక్కను గట్టిగా కోప్పడింది. ఉన్నపళంగా మానితే ప్రమాదమని, మెల్లగా తగ్గించి, మూడు నెలలాగి మళ్లీ చూద్దామంది.

బయటికొచ్చాక అక్క వరండాలోనే నిలదీసింది. "తెలిసీ రెండ్రోజులు నోరు మూసుకున్నావా?"

"మూసుకున్నా."

"ఎందుకే?"

"నిన్ను కొయ్యడం నాకిష్టం లేక."

అక్క ఇంకో అడుగు దగ్గరికొచ్చింది. "నాకు మాత్రం సరదానా? భయంతో చస్తున్నా. అయినా ఇస్తా. అది నా ఇష్టం, నీది కాదు," అని విసవిసా వెళ్లిపోయింది. నెలరోజులు చెల్లెలితో మాట్లాడలేదు.

మూడు నెలలకు మళ్లీ రక్తం తీశారు. ఈసారి పరీక్ష గడియారం చేశాడు. చెల్లెలు స్టోరు గదిలో కూర్చుని గ్లవుజుల పెట్టెలు సర్దింది, సర్దినవే మళ్లీ సర్దింది. ఆయన తలుపు దగ్గరికొచ్చి, "0.86. వెళ్లి మీ అక్కకి నువ్వే చెప్పు," అన్నాడు.

వడపోతను నేరుగా కొలిచే ఇంకో పరీక్షా బాగానే వచ్చింది. ఆపరేషన్ రోజు అక్కను ముందు లోపలికి తీసుకెళ్లారు. చెల్లెలు ఆరు గంటలు బెంచీమీద కూర్చుంది. ఎవరు తలుపు తీసినా లేచి నిలబడింది.

మత్తు పూర్తిగా వదలకముందే అక్క ఆమె వేలు పట్టుకుంది.

"మీ బావకి మూత్రం వచ్చిందా?"

చెల్లెలు పక్క వార్డుకి పరుగెత్తింది. నర్సు బావ మంచం పక్కన వంగి మూత్రం సంచీ మీద గీతలు చదువుతోంది. "గంటకే నిండొచ్చిందమ్మా, మార్చాలి," అంది.

ఆ మాట మోసుకుని ఆమె వెనక్కి నడిచింది. సగం దూరంలో గోడ పట్టుకుని ఆగి, కళ్లు తుడుచుకుని, మళ్లీ కదిలింది.