గుర్రానికి నీళ్లు

మా ఆయనకీ, మా తోటలో పనిచేసే గంగరాజుకీ రెండేళ్లపాటు మాటల్లేవు. అయినా ఇద్దరూ పొద్దస్తమానం మాట్లాడుకుంటూనే ఉండేవాళ్లు. మధ్యలో కుక్క ఉండేది.

"పిలాతూ, తూర్పు వైపు చెట్లకి నీళ్లు పెట్టాడేమో కనుక్కో" అనేవాడు మా ఆయన రాయప్ప, గంగరాజు పక్కనే నిలబడి ఉండగా. "పెట్టానని చెప్పు పిలాతూ. కళ్లుంటే తడి కనపడుద్దని కూడా చెప్పు" అనేవాడు గంగరాజు. కుక్క ఇటొకసారి అటొకసారి చూసి తోకాడించేది. నీళ్ల తొట్టి కనిపిస్తే చాలు ముందుకాళ్లు రెండూ అందులో పెట్టి కడుక్కుంటుందని, బైబిల్లో చేతులు కడిగేసుకున్న పిలాతు పేరు దానికి పెట్టింది మా ఆయనే. కుక్క ఎటైనా పోతే ఆ ఉద్యోగం నాకు పడేది. "రిబ్కా, వాడికి చెప్పు." "వదినా, ఆయనకి చెప్పు." అరవై దాటిన మగాళ్లిద్దరు ఇలా చేస్తుంటే నవ్వాలో, నెత్తిన మొట్టాలో తెలిసేది కాదు.

గొడవ పుట్టింది చెట్టు మీద. ముసునూరు దగ్గర మా ఆరెకరాల మామిడి తోట కాగితాల్లో మా ఆయనదే. అంటు మొక్కలు తెచ్చి, గుంటలు తీసి, కావిళ్లతో నీళ్లు మోసి పెంచింది మాత్రం ఇద్దరూ కలిసి. అప్పటికింకా ఇద్దరికీ మీసాలు సరిగ్గా రాలేదు. గొడవైన ఏడు కోతకి షావుకార్లు వచ్చి ఉండగా, మా ఆయన కాయలు కోసే చిక్కం కర్ర పట్టుకుని పెద్ద రసాల చెట్టెక్కాడు. అరవై ఎనిమిదేళ్ల వయసులో! కొమ్మేదో, కొమ్మ నీడేదో తెలియక కాలు గాలిలో పెట్టబోయాడు. కింద గంగరాజు ప్రాణాలు పోయినట్టు అరిచాడు. "దిగన్నా! ముసలోడివైపోయావు, చూపానట్లేదు, దిగు!"

షావుకార్లు పగలబడి నవ్వారు. మా ఆయన దిగాడు. దిగి, "నా తోటలో నాకు చెప్పడానికి నువ్వెవడివిరా?" అన్నాడు.

'ముసలోడు' అన్న ముక్క మా ఆయనకి తగలరాని చోట తగిలింది. 'నా తోట' అన్న ముక్క గంగరాజుకి అంతకంటే లోతుగా దిగింది. ఇంక పనికి రాడనుకున్నాను. తెల్లారేసరికి వచ్చాడు. నోరు మాత్రం తేలేదు.

కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దామంటే మా ఆయన నా మీద లేచేవాడు. "నా కళ్లకేంటే? గద్ద కళ్లు!" ఆ గద్దగారు పంచదార అనుకుని కాఫీలో ఉప్పు కలుపుకున్న రోజులున్నాయి.

సాయంత్రమైతే మాత్రం ఇద్దరికీ ఒకటే పిచ్చి. టీవీలో యూట్యూబ్ పెట్టుకుని పాతకాలం అమెరికా గుర్రాల సీరియల్ చూడటం. మా ఆయన లోపల కుర్చీలో, గంగరాజు బయట కిటికీ పక్కన, తిరగేసిన కాయల ట్రే మీద. మిషన్ బడిలో పదో తరగతి దాకా చదివిన ఇంగ్లీషుతో మా ఆయన అర్థం చెప్పేవాడు. కుక్కకే చెప్పేవాడు, కిటికీ అవతలికి వినపడేంత గట్టిగా. సగం అక్కడ జరిగేది, సగం సొంత కవిత్వం.

మొన్న మేలో, కోత మొదలయ్యే ముందురోజు, వేల ఆవులున్న ఓ ముసలి ఆసామి కథ వచ్చింది. చూపు మందగించినా ఒప్పుకోడు. మందను నేనే తోలుకెళ్తానంటాడు. ఏళ్ల తరబడి తనతో ఉన్న మేస్త్రి వద్దంటే, కొరడా ఎత్తి తరిమేస్తాడు. చివరికి ఎక్కడో బీట్లో గుర్రం మీంచి పడిపోతే, ఆ మేస్త్రే వెతుక్కుంటూ వచ్చి తల ఒళ్లో పెట్టుకుంటాడు. అప్పటిదాకా గడగడా అర్థం చెబుతున్న మా ఆయన అక్కడ ఆగిపోయాడు. తెర మీద ముసలాయన పెదాలు కదులుతున్నాయి.

"ఆయనేమంటున్నాడో కనుక్కో పిలాతూ" అన్నాడు గంగరాజు కిటికీలోంచి.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఏముంది, గుర్రానికి నీళ్లు పెట్టమంటున్నాడు."

"సారీ అని వినపడిందే పిలాతూ? వాళ్ల దేశంలో గుర్రానికి నీళ్లు పెట్టమన్నా సారీ చెప్పాలి కాబోలు!" అని గంగరాజు విరగబడి నవ్వాడు. నవ్వుకుంటూనే కాపలాకి మోటారు షెడ్డుకి వెళ్లిపోయాడు. నాకూ నవ్వాగలేదు. మా ఆయన టీవీ కట్టేసి, అన్నం ముందు కూర్చుని, నాలుగు మెతుకులు కెలికి లేచిపోయాడు.

తెల్లారగానే వంటింట్లోకి వచ్చి, "కాఫీ రెండు గ్లాసుల్లో పొయ్యి" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇంకొకరికి తన చేత్తో కాఫీ పట్టుకెళ్లిన మనిషి కాదు. ఎందుకని నేను అడగలేదు, అడిగితే ఎక్కడ మానేస్తాడోనని. షెడ్డు వైపు నడుస్తుంటే వెనకనుంచి చూస్తూ, ప్రభువా, ఈ మొండివాడి నోట ఒక్క మంచి మాట రానియ్యి అని ప్రార్థన చేసుకున్నాను.

రెండు గ్లాసులూ నిండుగానే తిరిగొచ్చాయి.

"ఏమైందండీ?"

"ఏమవుద్ది! నోరు విడిచి చెప్పాను. ఒరేయ్ గంగరాజూ, తప్పు నాదేరా, మాట్లాడరా అన్నాను. గోడకి చెప్పినట్టే. పలకలేదు సరికదా, నా మొహం మీదే మూతి వంకర పెట్టాడు. ఇంక ఈ జన్మకి వాడికీ నాకూ మాటల్లేవు."

నాకూ ఒళ్లు మండింది. ఇంతటి మనిషి దిగొస్తే అంత బెట్టా అనుకున్నాను. అంతలో పిలాతు పరిగెత్తుకొచ్చింది. మా ఆయన పంచె కొస పట్టుకుని లాగుతుంది, షెడ్డు వైపు ఉరుకుతుంది, మళ్లీ వచ్చి అరుస్తుంది. "ఫో! నాకేం చెప్పకు. వెళ్లి వాడికే చెప్పుకో" అని మా ఆయన చెంబు విసిరాడు. రెండేళ్లపాటు ఆ కుక్క చేత ఉత్తుత్తి కబుర్లు మోయించాం. నిజంగా కబురు తెచ్చిన రోజున వినలేదు.

కోత కూలీలు వచ్చారు, వ్యాను వచ్చింది, ట్రేలు దించడంలో ఎండెక్కింది. అప్పుడు నేనే టిఫిను గిన్నె పట్టుకుని షెడ్డుకి వెళ్లాను, గంగరాజుకి నాలుగు చివాట్లు కూడా పెడదామని.

గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. మూతి నిజంగానే వంకరపోయి ఉంది. ఎడమ పక్కకి లాక్కుపోయి, చొంగ మెడ దాకా కారింది. కుడి చెయ్యి ఒళ్లో చచ్చుబడి ఉంది. కళ్లు మాత్రం నన్ను చూసి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారా అని వెతికాయి.

పక్షవాతం. మాట పడిపోయింది. తప్పు నాదేరా అని మా ఆయన అంటున్నప్పటికే ఆ మనిషికి పలకడానికి మాట లేదు. పడిపోయిన మూతి గద్ద కళ్లకి వెక్కిరింతలా కనపడింది.

హనుమాన్ జంక్షన్ దాకా ఆటోలో, అక్కణ్ణుంచి అంబులెన్సులో విజయవాడ తీసుకెళ్లాం. దారి పొడుగునా మా ఆయన గంగరాజు తల ఒళ్లో పెట్టుకుని, "ఒరేయ్ గంగరాజూ, ఒరేయ్" అంటూనే ఉన్నాడు. అప్పటికే కళ్లు మూతలు పడిపోయాయి. "పొద్దున్నే తీసుకురావాల్సింది. ఎవరూ చూసుకోలేదా?" అంది డాక్టరమ్మ. మర్నాడు గంగరాజు పోయాడు.

పెద్దకర్మ నాడు అతని భార్య కనకమ్మ నా పక్కన చతికిలబడింది. "బావగారు ఎప్పుడోకప్పుడు పలుకుతారని కాసుక్కూర్చునేవాడక్కా. పలికితే ఏమంటావయ్యా అని అడిగితే, ఇంకేమంటాను, 'ఏంటన్నా' అంటాను అనేవాడు. అంతేనంట. ఇంకేం అడగడంట."

ఆ మాట మా ఆయనకి ఇప్పటిదాకా చెప్పలేదు. రెండేళ్లు ఇద్దరి మాటలూ అటూ ఇటూ మోశాను గానీ, ఈ ఒక్కటీ మొయ్యడం నా వల్ల కాలేదు. వింటే ఆయన గుండె ఆగిపోతుంది. దాచుకుని తిరగలేక నా గుండె ఎటూ పగులుతూనే ఉంది.

కోతలు అయిపోయాయి. తొలకరి పడింది. కళ్ల ఆపరేషను చేయించుకుందాం రమ్మంటే మా ఆయన కిక్కురుమనకుండా వచ్చాడు. "ఇప్పుడు కళ్లు బాగా కనపడుతున్నాయా తాతగారూ?" అని నర్సు అడిగితే, "కనపడి ఏం లాభమమ్మా" అన్నాడు.

నిన్న సాయంత్రం, చాలా రోజులకి, టీవీ పెట్టాడు. వెతికి వెతికి అదే ముసలి ఆసామి కథ. నోరు మెదపకుండా చివరి దాకా చూశాడు. తల ఒళ్లో పెట్టుకునే చోట ఆపేసి, కిటికీ వైపు తిరిగాడు.

"ఒరేయ్ గంగరాజూ." కుక్కతో కాదు, నాతో కాదు. "గుర్రానికి నీళ్లు పెట్టమనలేదురా. తప్పు నాదే, క్షమించు అంటున్నాడు. ఆ రోజు అబద్ధం చెప్పాను."

బయట ట్రే అక్కడే ఉంది, బోర్లించి. నేను తియ్యలేదు. పిలాతు లేచి బయటికి వెళ్లింది. ట్రే చుట్టూ తిరిగి, వాసన చూసి, కాసేపు నిలబడి, లోపలికి వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

మా ఆయన వంగి దాని తల రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఏమన్నాడ్రా?" అని అడిగాడు.