మోత లేని కరెంటు

గౌరీశంకర్ ఇంట్లో వెల్డింగ్ మిషను పెట్టాడని ఎదురింటి రత్నం బర్మామైన్స్ గల్లీ అంతా చెప్పిందట. ఆ మాట మోసుకొచ్చిన బావమరిది దుర్గాప్రసాద్ గదిలోకి తొంగిచూశాడు. పాటలు వినడానికని గౌరీశంకర్ సొంతంగా కూర్చుకున్న కంప్యూటర్, దాని పక్కన పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న కరెంటు డబ్బా.

“ఇదేటి బావా? ఇందులో సగం బరువుకి అయిదొందల వాట్లది వత్తాది కదా!”

“వాట్లు ఏటి సేసుకోను? ఈ కంప్యూటర్‌కి ఫ్యాను కూడా నేదు, ముప్ఫై వాట్లు తాగితే గొప్ప. ప్లాంటులో క్రేను మోటారు లైను మీద మీటర్లు ఎడతామా? ఆ మోటారు రొదకి ముల్లు ఊగిపోతాది. ఆ తేలిక డబ్బా కరెంటుని ముక్కలు కోసి ఇత్తాది. ఆ రొదంతా పాటలో దూరతాది.”

క్రేన్ల ఎలక్ట్రీషియన్ ధీమా అది. అసలు ఆశ వేరే. చనిపోయిన తండ్రి తవిటయ్య భజనలో పాడిన పాట ఒక్కటే పాత క్యాసెట్టులోంచి కంప్యూటర్‌లోకి ఎక్కి మిగిలింది. ఇన్నాళ్లూ చిన్న అడాప్టరు పెట్టి వింటే, గుయ్‌మనే మోత కింద ఆ గొంతు నలిగిపోయేది. ఈసారి నాన్న ఎదురుగా కూర్చుని పాడినట్టుంటుందని తల్లి సన్యాసమ్మకు మాటిచ్చాడు.

స్విచ్చి వేశాడు. మోత లేదు. తాళాలు విడివిడిగా మోగాయి. తవిటయ్య గొంతు గదిలో మనిషిలా నిలబడింది. దుర్గాప్రసాద్ నోరెళ్లబెట్టాడు.

“ఎలాగుందమ్మా?” అన్నాడు గౌరీశంకర్, గర్వంగా.

సన్యాసమ్మ పాట అయిందాకా విని, కొంగు దులుపుకుని లేచింది.

“పెళ్లయిన కాణ్ణుంచీ మీ నాన్నకి శ్రుతి నేదురా. ఆ మోతే ఇన్నాళ్లూ ఆయన పరువు కాసింది.”