నూనె పేలిక

మూడో చెంబు పోయగానే పిల్లవాడు బాలనర్సమ్మ చీర మీద ఉచ్చ పోశాడు. ఆమె చెయ్యి ఆపలేదు. చాపిన రెండు కాళ్ళ మీద వాడిని బోర్లా తిప్పి, వీపుకు శనగపిండి రుద్ది, ముక్కులోకి నీళ్ళు పోకుండా అరచెయ్యి అడ్డం పెట్టి నాలుగో చెంబు పోసింది. వాడు వాడకట్టంతా వినేటట్టు ఏడ్చాడు.

"ఏడువురా, ఏడువు. గొంతు మీ తాతదే."

బిక్షం కోడలు తువ్వాల పట్టుకుని నవ్వింది. "పొద్దుగాల్నే నీకు తానం చేపిచ్చిండు అవ్వా."

"వీని పుణ్యాన దినాం రెండు తానాలు. ఊర్ల నా అంత శుభ్రంగున్నది ఇంకెవ్వతి లేదు."

నర్సింహులపేటలో పసిపిల్లలకు నీళ్ళు పోయడం బాలనర్సమ్మ పని. రేషన్ కార్డులో మాత్రం కూలి అనే ఉంది. వయసు అరవై ఆరు. పిల్లల వీపులు ఆని ఆని ఆమె మోకాళ్ళ కింది భాగం నున్నటి బండలా అయింది. వేళ్ళ కొనలు ఎప్పుడూ నాని, ముడతలు పడి, తెల్లగా ఉంటాయి. ఊళ్ళో నలభై ఏళ్ళలోపు వాళ్ళలో సగం మంది తలలు ఆమె చేతుల్లో గుండ్రబడినవే. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం పెట్టిన నరేందర్ తల వెనక సొట్ట ఒక్కటి ఆమె లెక్కలో తప్పు. "ఆ వారం నాకు జరమొచ్చింది బిడ్డా" అని ఇప్పటికీ వాడికి సంజాయిషీ చెబుతుంది.

బిక్షం మనవడికి సాంబ్రాణి పొగ పట్టి, తల్లి చేతికిచ్చి, తడి కొంగు పిండుకుని లేచింది. చాయ్ తాగి పొమ్మన్నా ఆగలేదు. పది గంటలకు కొమురమ్మ ఇంటికి కారు వస్తుంది. ఆలోపల అక్కడ ఒక పని కావాలి.

కొమురమ్మ బిడ్డ పద్మలత తొలికాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టి ఇవాల్టికి నలభై ఏడు రోజులు. ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసి శృతి అని పేరు పెట్టారు. డప్పులు లేవు, చుట్టాలు లేరు. పెద్ద దవాఖానలో రక్తం తీసి పరీక్షకు పంపిన డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇలా పుట్టినవాళ్ళు వారం దాటడమే కష్టం. నెల చూసేవాళ్ళు సగం కూడా ఉండరు. ఏడాది దాటేది పదిమందిలో ఒక్కరు.

బాలనర్సమ్మకు ఆ పరీక్ష పేరు నోరు తిరగదు. మొదటి రోజు గుడ్డ విప్పగానే ఆమెకు చేతులే చెప్పాయి. దవడ చిక్కుడు గింజంత. చెవులు ఉండాల్సిన చోటు కంటే కిందికి జారి ఉన్నాయి. మడమలు వెనక్కి ఉబ్బి, అరికాళ్ళు గుండ్రంగా ఉన్నాయి. అన్నిటికంటే ఆ పిడికిళ్ళు. చూపుడు వేలు నడిమివేలు మీదికెక్కి, చిటికెనవేలు ఉంగరపు వేలి మీదికెక్కి, గట్టిగా ముడుచుకుని ఉన్నాయి. అలాంటి పిడికిలి అంతకుముందు ఆమె ఒక్కసారే చూసింది. ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినలేదు.

ఈ పిల్లకు నీళ్ళు పోసే తీరే వేరు. చెంబు వాడదు, దోసిలితోనే. ముక్కు ఒత్తదు, కాళ్ళు సాగదీయదు. పొగ పిల్లకు పట్టదు. ఊపిరి మధ్యమధ్యలో ఆగి మళ్ళీ అందుకుంటుంది కాబట్టి పొగను గుడ్డలకే పట్టి, ఆ గుడ్డల్లో చుడుతుంది. మూసిన పిడికిలిలో చెమట, నూలుపోగులు చేరి చర్మం పాచిపోతుంది. అందుకని పాత చీరను చిటికెనవేలు వెడల్పున పేలికగా చింపి, నూనెలో ముంచి, బొటనవేలి పక్క సందులోంచి లోపలికి దూర్చి, అవతల చిటికెనవేలి పక్క నుంచి మెల్లగా లాగుతుంది. వేళ్ళు తెరవకుండానే అరచెయ్యి శుభ్రమవుతుంది. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఇవాళ పద్మలత భూపాలపల్లి పోతున్నది. మొగుడు జితేందర్ అక్కడ బొగ్గుగనిలో పని చేస్తాడు. మేడారం జాతర బండ్లు మొదలైతే తొవ్వ దొరకదని ముందే తీసుకుపోతున్నాడు. అక్కడ నీళ్ళు పోసేవాళ్ళు లేరు. పద్మలతేమో తన పాలు పిండి చెంచాతో అరగంట సేపు పడుతుంది, గుడ్డల్లో చుట్టి ఇస్తే ఎత్తుకుంటుంది. గుడ్డ విప్పితే మాత్రం మొహం తిప్పుకుంటుంది. ఇన్ని రోజుల్లో ఒక్కసారీ ఆ పిల్ల ఒంటిని ముట్టలేదు.

బాలనర్సమ్మ వెళ్ళేసరికి వాకిట్లో కాగు పొయ్యి మీద ఉంది. అరుగు మీద రెండు బ్యాగులు సర్ది ఉన్నాయి. ఆమె పీట వాల్చింది కానీ కూర్చోలేదు.

"ఇయ్యాల నువ్వు కూసో బిడ్డా."

గడపలో ఉన్న పద్మలత తల అడ్డంగా ఊపింది. "నాతోని కాదవ్వా."

"దాన్ని బలిమి చెయ్యకక్కా" అంది కొమురమ్మ. "ఆడ ఎవలన్న దొరుకుతరు."

"ఆ క్వార్టర్లల్ల ఎవలు దొరుకుతరే? నల్లా దొరుకుతది. నువ్వు పోయి చన్నీళ్ళు తే."

కొమురమ్మ బిందె తీసుకుని బయటికి పోయింది. పద్మలత వచ్చి పీట పక్కన నేల మీద కూర్చుంది. పిల్ల ఆమె ఒళ్ళో, గుడ్డల్లో ఉంది.

"ఒక్కటి అడుగుత, నిజం చెప్పు" అంది. "గణపతులను చెరువుల ఏసిన తెల్లారి చంద్రగ్రహణం పట్టింది చూడు. మా అవ్వ కదలొద్దన్నది, కదల్లేదు. గోడదిక్కు తిరిగి పండుకున్న. కానీ ఆయన నైట్ డ్యూటీల ఉండె. రాత్రంతా ఫోన్ మాట్లాడిన. పిడికిట్ల ఫోన్ పట్టుకోని..." తన కుడిచేతిని ముడిచి చూపించింది. "అందుకేనా అవ్వా? అందుకే దీని చేతులు గిట్ల?"

"డాక్టరమ్మ ఏమన్నది?"

"జంటగ ఉండాల్సిన పోగు మూడుగ వచ్చిందట. కడుపుల పడ్డనాడే వచ్చిందట, నా తప్పేం లేదట. ఓదార్పుకు వాళ్ళు గట్లనే అంటరు. నువ్వు వేలమందిని చూసినవ్. నువ్వు చెప్పు. నేను చేసిందే అయితే దీన్ని ముట్టుకునే మొహం నాకు లేదు."

బాలనర్సమ్మ పొయ్యిలో కట్టెను కొద్దిగా వెనక్కి లాగింది.

నలభై ఆరేళ్ళ కింద, పొద్దు వాలుతుండగా చీకటి పడి కోళ్ళు గూట్లోకి పోయిన సూర్యగ్రహణం నాడు, ఐదో నెల కడుపుతో ఆమె జొన్న చేనులో ఉంది. అందరూ ఇళ్ళకు ఉరికారు. ఆమె మాత్రం చేతిలో ఉన్న సొప్ప కట్టను వదలలేక ముడి బిగించింది. ఒక్క ముడి. తర్వాత పుట్టిన ఆడపిల్ల పిడికిళ్ళు చూసి గ్రహణం నాడు ఏం ముడేశావని అత్త అడిగితే చెప్పేసింది. పంతొమ్మిది రోజులు అత్తే నీళ్ళు పోసింది, తల్లిని దగ్గరికి రానివ్వలేదు. ఇరవయ్యో రోజు మాత్రం, ఇక అత్తకు భయం లేదు కనుక, ఆ పని బాలనర్సమ్మకు వదిలేసింది. తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు, వాళ్ళ పిల్లలకూ ఆమే నీళ్ళు పోసింది. ఆ ముడి మాట మొగుడు సోమనర్సయ్య దగ్గర కూడా ఎన్నడూ ఎత్తలేదు. ఆయన పోయి పదేళ్ళయింది.

"బిక్షం కోడలున్నదా" అని మొదలుపెట్టింది. "గదే గ్రహణం రాత్రి ఆకలైతున్నదని కత్తిపీట ముందరేసుకోని జామకాయలు కోసుక తిన్నది. దాని కొడుకు ఇగో, గడియ కింద నా మీద ఉచ్చ పోసిండు. వాని పెదవి తెగలే, చెవి తెగలే."

పద్మలత చూస్తూనే ఉంది. అది సరిపోలేదని బాలనర్సమ్మకు తెలిసింది.

"నాకూ ఒక బిడ్డ పుట్టె" అంది. "గివే పిడికిళ్ళు. గ్రహణంల సొప్ప కట్టిన, అందుకే అన్నరు. నేను గూడ అనుకున్న. ఆ దినం చేన్ల నేనొక్కదాన్నే..."

ఆగింది. ఒక్కతే కాదు. చీకట్లో గట్టు మీద ఇంకో ఆడమనిషి ఉంది. రాజలింగు తల్లి. ఆమె కడుపులో అప్పుడు రాజలింగే. పిడికిట్లో కట్టె పట్టుకుని, అదిలిస్తూ, మేకలను మలుపుకుని వచ్చింది. ఆ రాజలింగు ఇప్పుడు మార్కెట్‌లో వడ్ల బస్తాలు మోస్తాడు. వాడి చేతులు చేటలంత ఉంటాయి. ఈ సంగతి నలభై ఆరేళ్ళుగా ఆమెకు తెలుసు. దాన్ని తెచ్చి తన ముడి పక్కన ఎన్నడూ పెట్టి చూడలేదు.

"ఏందవ్వా?"

"ఏం లేదు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "డాక్టరమ్మ ఓదార్పుకు చెప్పలే. ఉన్నదే చెప్పింది. నువ్వు ఫోన్ పట్టుకునే యాల్లకే దీని చేతులు గిట్లనే ఉన్నయి. నా బిడ్డయి గూడ గంతే. నా బిడ్డకు నేను ఒక్కసారే నీళ్ళు పోసిన పద్మా. అది పోయినంక. అప్పటిసంది ఊరి పిల్లలందరికీ పోస్తున్న. నువ్వు నా తీరు కావొద్దు. కూసో."

పద్మలత పీట మీదికి జరిగి, చీర మోకాళ్ళ దాకా లాక్కుని, కాళ్ళు చాపింది. బాలనర్సమ్మ ఎదురుగా గొంతుకూర్చుని ఆమె పాదాలను దగ్గరికి జరిపి, పిల్ల తల పాదాల మీద ఆనేటట్టు పడుకోబెట్టింది. నీళ్ళలో మోచెయ్యి ముంచి చూసింది.

"దోసిట్ల తీసుకో. మీది నుంచి పొయ్యకు, రానియ్యి. ఆఁ, గట్ల."

నీళ్ళు పొట్ట మీదికి జారాయి. శృతి ఏడవలేదు. ఏడిస్తే ఆ గొంతు పిల్లి కూత కంటే చిన్నది. కళ్ళు మాత్రం తెరిచింది.

"చూస్తాంది" అంది పద్మలత.

"చూడదా మరి? కొత్త చేతులాయె."

చివరికి పేలిక. మొదటిసారి సందు దొరకలేదు. రెండోసారి దూరింది. పద్మలత ఊపిరి బిగబట్టి లాగింది. అవతలి కొన బయటికి రాబోతుండగా ఆపింది. పిల్ల పిడికిలి పేలికను పట్టుకున్నట్టే ఉంది.

"అవ్వా, గుంజుతాంది."

బాలనర్సమ్మ కాదనలేదు. "జర సేపు గట్లనే పట్టుకోనియ్యి" అంది.

కొమురమ్మ బిందెతో వచ్చి వాకిలి మొదట్లోనే నిలబడిపోయింది.

కారు పదింపావుకు వచ్చింది. జితేందర్ బ్యాగులు డిక్కీలో పెట్టి, వచ్చి బాలనర్సమ్మ ముందు నిలబడ్డాడు. "ఎన్ని దినాలో ఎవలకెరుక అవ్వా. డ్యూటీ దిగి ఇంటికొస్తే అది కనవడాలె నాకు. గంతే" అన్నాడు. ఆమె అతని తల మీద తడిచెయ్యి పెట్టింది. కొమురమ్మ బిడ్డ కొంగులో బియ్యం పోసి, రైకగుడ్డ పెట్టింది. పద్మలత కారెక్కి, పిల్లను గుండెకు ఆనించుకుని, గుడ్డలోంచి ఒక చిన్న పిడికిలి బయటికి తీసి అద్దానికి ఆనించింది.

శృతి ఆ తర్వాత ముప్పైమూడు రోజులు బతికింది. శివరాత్రి దాటిన వారానికి, మొదటి షిఫ్టు దిగి వచ్చిన తండ్రి ఒళ్ళో, పగటిపూట, ఊపిరి ఆగి మళ్ళీ అందుకోలేదు. ముప్పైమూడు రోజులూ తల్లి కాళ్ళ మీదే నీళ్ళు పోసుకుంది. ఆ కబురు తెచ్చిన కొమురమ్మను బాలనర్సమ్మ అడిగింది ఒక్కటే: ఆ పొద్దున కూడా తానమైందా అని. అయిందని చెప్పింది కొమురమ్మ.

అది తర్వాతి మాట. ఆ రోజు కారు మలుపు తిరిగాక, బాలనర్సమ్మ అలవాటు కొద్దీ పీట కడిగి గోడకు ఆనించింది. కాగులో మిగిలిన వేన్నీళ్ళు కుండీలో పోసింది. దండెం మీద నిన్న ఉతికి ఆరేసిన నూనె పేలిక ఒకటి, అందరూ తీయడం మరిచిపోయినది, నడుమ పిడికిలంత మేర నలిగి, ఎండలో ఊగుతూ ఉంది.