అదీ శాంతే

చైనావాళ్ళు అణుబాంబు పేల్చిన వారానికి, కృపమ్మ అన్నం వార్చి, గంజి చేతులు చీరచెంగుకి తుడుచుకుని, మొగుడి ఉపన్యాసం సాపు రాయడానికి కూర్చుంది. రాజారత్నం నరసరావుపేట కాలేజీలో పాలిటిక్స్ లెక్చరరు. ఆయన చిత్తురాత ఆమె తప్ప ఇంకెవరూ చదవలేరు. పన్నెండేళ్ళుగా ఆయన వ్యాసాలన్నీ ఈమె చేతిమీదుగా బయటికి పోయినవే. ఊరంతా ఆయన్ని మేధావి అంటుంది. ఆ మేధావి వాక్యంలో కర్త ఎక్కడ తప్పిపోయిందో వెతికిపెట్టే చాకిరీ మాత్రం కృపమ్మది. ఆదివారం ఆయన గ్రంథాలయంలో మాట్లాడాలి.

‘రాజ్యాల మధ్య న్యాయం ఉండదు, బలాబలాల సమతూకమే ఉంటుంది. ఆయుధం వాడటానికి కాదు, ఉందని ఎదుటివాడికి తెలియడానికి. అమెరికా రెండుసార్లు వాడింది. మళ్ళీ వాడాల్సిన అవసరం రాలేదు.’ అక్కడ ఆమె కలం ఆగిపోయింది.

రెండుసార్లు. పెళ్ళయిన ఏడే ఒకసారి, ముప్పాళ్ళలో అన్నగారింటికి చెప్పకుండా పోయినందుకు. రెండోసారి చంటిపిల్ల పోయిన నెలకి, ‘మీ అమ్మ మాట విని ఆస్పత్రికి ఆలస్యం చేశాం’ అన్నందుకు. ఆ తర్వాత పదేళ్ళలో ఆయన మళ్ళీ చెయ్యెత్తలేదు. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెడతాడు, అంతే, ఆమె మాట నోట్లోనే ఉండిపోతుంది. అత్త ఆదెమ్మ ఇరుగుపొరుగుకి చెప్పి మురిసిపోతుంది. “మావోడు కోపమంటే ఎరగడమ్మా. మా ఇంట్లో అరుపులు ఎప్పుడన్నా ఇన్నారా?” నిజమే, ఎవరూ వినలేదు. ఆమె కూడా దాన్ని చల్లని కాపురమే అనుకుంది. ఇప్పుడు మొగుడి చేతిరాతలోనే దాని గుట్టు కనబడేసరికి ఒళ్ళు మండిపోయింది.

“ఏమండీ, ఇద్దరి దగ్గరా బాంబు ఉంటే భయపడి ఊరుకుంటారు, సరే. ఒక్కడి దగ్గరే ఉంటే?” అని అడిగింది.

రాజారత్నం పేపర్లోంచి తలెత్తలేదు. “రెండోవాడు లొంగి ఉంటాడు. అదీ శాంతే. అది అయినాక ఇంకో కాయితం తీసుకో. ఆరోగ్యం బాగాలేదు, చేరలేనని గురజాల బడివాళ్ళకి రాయి.”

గురజాల ఆడపిల్లల బడిలో టీచరు ఉద్యోగం. పన్నెండేళ్ళు పెట్టెలో మగ్గిన ట్రైనింగు సర్టిఫికెట్టుకి వచ్చిన మొదటి పిలుపు. సోమవారం చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

“నా ఆరోగ్యానికేం? నేను చేరతాను.”

కళ్ళద్దాలు బల్లమీదికి వచ్చాయి. భయం లేదని కృపమ్మ తనకు తాను అబద్ధం చెప్పుకోలేదు. చెంపదెబ్బ నొప్పి నాలుగు రోజులు ఉంటుంది. దానికి భయపడి పోగొట్టుకున్నవి పదేళ్ళు.

“చేరతానంటున్నాను,” అంది మళ్ళీ.

కొట్టాడు. ఆదెమ్మ వంటింట్లోంచి వచ్చి ముందు వీధి తలుపు మూసింది. “ఏందే నీకీ పొగరు? ఎవరన్నా అడిగితే బాయికాడ జారిపడ్డానని చెప్పు.”

మర్నాడు శుక్రవారం, వాళ్ళింట్లోనే ప్రార్థన కూటం. చుట్టుపక్కల సంఘస్థులంతా చాపలమీద కూర్చున్నారు. పాస్టరుగారి పక్కన కుర్చీలో రాజారత్నం. పాటలయ్యాక ఒక్కొక్కరే లేచి, ఆ వారం దేవుడు చేసిన మేలు సాక్ష్యం చెప్పి, తమ కోసం ఏమని ప్రార్థించాలో మనవి చేసుకోవడం ఆనవాయితీ. కోటయ్యగారి గేదె ఈనింది. దానయ్యకి జ్వరం తగ్గింది. కృపమ్మ లేచేసరికి అందరి కళ్ళూ వాచిన ఆమె చెంపమీదే నిలిచాయి.

“ఏందమ్మా ఆ వాపు?” అంది పాస్టరమ్మ.

“బాయికాడ...” అని ఆదెమ్మ అందుకోబోయింది.

“మా ఆయన కొట్టాడమ్మా,” అంది కృపమ్మ. “సోమవారం గురజాల పోయి ఉద్యోగంలో చేరుతున్నా. ఇంకోసారి చెయ్యెత్తితే, ఆ శుక్రవారమే మీ అందరి ముందూ ఇట్టాగే లేచి చెబుతా. ఇదే నా ప్రార్థన మనవి.”