రక్తంలో సున్నం

"మన వల్లూరులో ఎముకల నొప్పి ఎవరికి లేదుమే? ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఊర్లో ఇంతే లే" అన్నాడు సంజీవప్ప. పెళ్లాం నల్లమ్మ ఒక చేత్తో నడుం పట్టుకుని సంగటి గెలుకుతోంది.

ఊరంతా మోకాళ్లు పట్టుకునే నడుస్తుంది గనక ఆమె కూడా నమ్మింది. ఎముకల బలానికని కాల్షియం మాత్రలు తెచ్చుకుని ఏడాదిపాటు మింగింది. దప్పిక పెరిగింది, మతిమరుపొచ్చింది. పప్పులో ఉప్పు రెండుసార్లు పడిన రోజు అత్త ఊరుకుందా? "పని ఎగ్గొట్టేదానికి నాటకాలు!" అంది. ఎంత మాట! తెల్లారకముందే వండిపెట్టి, పగలంతా సోలార్ ప్లాంటులో కూలికి పలకలు తుడిచి, వచ్చి గొర్రెలకు నీళ్లు పెట్టే మనిషిది నాటకమా? నల్లమ్మకు కడుపు మండిపోయింది.

ఒకరోజు పలకల మధ్యనే కళ్లు తిరిగి పడిపోయింది. బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు భూమిక వచ్చి బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. రక్తంలో కాల్షియం ప్రాణాల మీదికొచ్చేంత ఎక్కువుందన్నారు. ముందు ఆ మాత్రలు మాన్పించారు. మెడలో చిన్న గ్రంథి వాచి ఎముకల్లోని సున్నాన్ని రక్తంలోకి లాగేస్తోందని చెప్పి, ఆపరేషన్ చేసి తీసేశారు.

"గడ్డ తీసేసినారు కదా, ఇంక పోదాం" అని సంజీవప్ప సంచి సర్దాడు. కాల్షియం మాత్రం పూర్తిగా దిగలేదు. డాక్టరమ్మ పట్టు వదలక ఎముకల లోపలి మూలుగ పరీక్ష చేయించింది.

"నీ ఎముకల్ని దోచే దొంగలు ఇద్దరమ్మా. ఒకడు దొరికితే రెండోవాణ్ని ఎవరూ వెతకరు. మూలుగలో రక్త క్యాన్సర్ కూడా ఉంది" అంది నల్లమ్మ మంచం మీద కూర్చుని. "భయపడొద్దు. వారం వారం సూది వేయించుకుంటే అదుపులో ఉంటుంది. ఏళ్ల తరబడి పనులు చేసుకుంటూ తిరుగుతున్నవాళ్లు ఉన్నారు."

క్యాన్సరంటే మాటలా? నల్లమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ భయంలోనే ఒక పక్క చిత్రంగా గుండె తేలికైంది. ఇన్నాళ్లూ తన ఒళ్లు చెప్పింది నిజమే. ఆ మాట అత్త చెవిలో అరిచి చెప్పాలనిపించింది.

సంజీవప్ప గొంతు సవరించుకున్నాడు. "వారం వారం బెంగళూరంటే యాడయితాది డాక్టరమ్మా? ఇంట్లో పొయ్యి ఎవరు ముట్టిస్తారు? ఉగాది అయినాక చూద్దాం లే."

"నాన్నా!" అని భూమిక కోపంగా లేచింది. నల్లమ్మ ఆమెను కూర్చోబెట్టింది. డాక్టరమ్మ వైపు తిరిగి, "సూది ఎప్పుడు మొదలుపెడతారు? నేను ఈడే, నా బిడ్డకాడ ఉంటా" అంది.

"మరి ఇల్లు?" అన్నాడు మొగుడు.

"ఇల్లు నువ్వు చూసుకో. నాకు బతకాలని ఉండాది."